బీరప్ప పండుగకు వస్తున్న బిడ్డకు పెద్దమ్మ రాస్తున్నది

బిడ్డా,

నీ మెసేజ్ పొద్దున చూశాను. శుక్రవారం ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకొని వస్తున్నావని, నెల రోజుల నుంచి దేవుళ్ళ కథలు పాడి చెప్పే ఒగ్గువాళ్ళ డోలు వీడియోలే చూస్తున్నావని, చిందు యక్షగానం రాత్రి కోసం ఆఫీసులో లీవు కూడా పెట్టావని రాశావు. చదువుతుంటే కడుపు నిండింది. మన ఊరి ఆట కోసం హైదరాబాద్‌లో కూర్చొని ఒక పిల్ల రోజులు లెక్కపెట్టుకుంటున్నదంటే మీ అమ్మమ్మ ఎంత మురిసిపోయేదో. ఎక్కడ కూర్చోవాలి, ఏది ముందు చూడాలి, రెండూ ఒకే రాత్రి పడితే ఎట్లా అని అడిగావు కదా, ఇంత ఆశతో వస్తున్నదానివి వెలితిగా తిరిగి వెళ్ళకూడదని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. ఓపిక చేసుకొని చదువు.

ముందు నిద్ర సంగతి. నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం మన ఊళ్ళో ఏడు రాత్రుల ఒగ్గు కథ పెట్టించారు. ఆ మేళంలో ఆడపాత్ర చెప్పే ఒకాయన ఉండేవాడు. చీర కట్టేవాడు కాదు, సవరం పెట్టేవాడు కాదు, మెడలో ఉన్న రుమాలు తీసి నెత్తి మీద కొంగులా వేసుకునేవాడు, అంతే, మా ఎదురుగా ఆడమనిషే నిలబడేది. ఆయన బీరప్ప పెళ్ళాడే కామరాతిగా వచ్చే రాత్రి కోసం నేను వారమంతా ఎదురుచూశాను. ఆ రోజు పగలంతా చుట్టాల పిల్లలతో ఎండలో తిరిగాను, ఒక్క కునుకు తీయలేదు. రాత్రి రెండింటిదాకా కళ్ళు తెరుచుకొనే ఉన్నాను. ఇంకాసేపట్లో వస్తాడనగా అమ్మ తొడ మీద తల పెట్టాను. లేచేసరికి తెల్లారింది, మేళం వాళ్ళు చాయ్ తాగుతున్నారు. "ఎంత లేపినా లేవలేదు బిడ్డా" అన్నది అమ్మ. ఆ మేళం మళ్ళీ మన ఊరికి రాలేదు. నాకిప్పుడు అరవై మూడేళ్ళు, ఆ రాత్రి నాకు ఇంకా బాకీ ఉన్నట్టే అనిపిస్తుంది.

అందుకని చెప్తున్నాను, శుక్రవారం మధ్యాహ్నం రైలెక్కి జనగామలో దిగండి, బస్సులో ఎండకు మాడిపోతూ రావద్దు. ఇంటికి రాగానే స్నానం చేసి గంటైనా పడుకోండి. శనివారమైతే తిన్న వెంటనే తలుపులేసుకొని ఐదింటిదాకా నిద్రపోవాలి, ఎవరు పిలిచినా సరే. మన దగ్గర మే నెలలో ఎండ నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు కొడుతుంది, ఆ ఎండలో ఊరు చూపిస్తానని మీ మామ బండి తీస్తాడు, వెళ్ళకండి. ఊరు ఎక్కడికీ పోదు.

ఈ పండుగ ఇంత ఎండలో ఎందుకని నీ స్నేహితురాలు అడిగిందట కదా. మన వైపు ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరలు సంక్రాంతి నుంచి ఉగాది దాకా నడుస్తాయి, అప్పుడు ఒగ్గు పూజారులకు ఊపిరి సలపదు. తర్వాత యాసంగి కోతలొస్తాయి. వడ్లు అమ్ముడుపోయి చేతిలో నాలుగు పైసలు ఆడి, చేనులో పని లేని రోజులంటే ఇవే. గొర్రెలు కాసే కురుమలు తమ కులదేవుడు బీరప్పకు పండుగ చేసేది ఎక్కువగా ఇప్పుడే. పైగా ప్రతి ఏడూ చేయరు, మన ఊళ్ళో కిందటిసారి చేసి ఐదేళ్ళయింది. అందుకే నువ్వు లీవు పెట్టడం నాకు ఎక్కువ అనిపించలేదు.

ఇక ఒకే రాత్రి రెండు ఆటల సంగతి. బీరప్ప గుడి దగ్గర ఒగ్గు కథ బుధవారం మొదలై శనివారం రాత్రితో ముగుస్తుంది, ఆదివారం కళ్యాణం, బోనాలు. అదే వారంలో మాదిగవాడలో చిందు యక్షగానం శుక్ర, శనివారాలు పెట్టారు. ఇది ఒకళ్ళకొకళ్ళు పోటీగా పెట్టింది కాదు, కురుమలకు ఒగ్గు ఎట్లాగో మాదిగలకు చిందు అట్లా, తరాల నుంచి వాళ్ళ కులపురాణం చెప్పే హక్కు ఆ కళాకారులదే. నువ్వేమో గంటసేపు ఇక్కడ, గంటసేపు అక్కడ చూస్తానని రాశావు. అట్లా మాత్రం చేయకు. నడిచేది పావుగంటే కావచ్చు, కానీ కథలో నుంచి లేచి వెళ్ళిపోయిన మనిషి మళ్ళీ వచ్చి కూర్చుంటే కథ బయటే కూర్చున్నట్టు. రెండూ సగం సగం చూస్తే రెండూ వీడియోలు చూసినట్టే ఉంటాయి, దానికి ఇంతదూరం రావడమెందుకు?

నా మాట విని శుక్రవారం మొత్తం చిందు చూడండి, శనివారం మొత్తం ఒగ్గు. శనివారం చిందు పోతుందని బాధపడతావు, నాకు తెలుసు. కానీ కామరాతి కథ శనివారం రాత్రే, అది వదలలేం. చిందు రెండు రాత్రులూ రెండు వేరే కథలు, ఏ రాత్రికి ఆ రాత్రి నిండుగా ఉంటుంది, ఒగ్గు అట్లా కాదు, నాలుగు రాత్రులూ ఒకే దారం. మొదటి రెండు రాత్రుల కథ శుక్రవారం అన్నం తినేటప్పుడు నేను చెప్తాను. శుక్రవారం రాత్రి అక్కడ ఏం చెప్పారో శనివారం పొద్దున పక్కింటి అక్కను అడుగుదాం, ఆమె ఒక్క మాట మర్చిపోదు.

చిందుకు ఆట మొదలయ్యే వేళకు వెళితే ఆలస్యమైనట్టే. ఏడింటికల్లా వెళ్ళి, పెద్దవాళ్ళను అడిగి, వేషాలు కట్టే చోట ఒక పక్కన కూర్చోండి. ముఖానికి రంగు పూసుకోవడం, తేలికపాటి చెక్కతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు ఒక్కొక్కటీ కట్టుకోవడం, అదంతా చూస్తుంటే ఇందాక నీతో మాట్లాడిన మనిషి నీ కళ్ళ ముందే రాజైపోతాడు. ఆడవాళ్ళు కూడా వేషం కడతారు, నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ గారి పేరు నువ్వు వినే ఉంటావు, ఆవిడ మగ వేషాలు కూడా కట్టేవారు. మన జనగామ జిల్లా దేవరుప్పుల మండలానికి చెందిన గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు, ఆ రోజు నేను టీవీ ముందు కూర్చొని ఏడ్చాను. ఎన్నేళ్ళు ఈ ఆటను చిన్నచూపు చూశారో కళ్ళారా చూసినదాన్ని.

ఒగ్గుకు కూడా అంతే, ముందే రావాలి. సాయంత్రం గుడి ముందు పట్నం, అంటే దేవుడి ముగ్గు, వేస్తారు. పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపొడి చేతిలోకి తీసుకొని వేళ్ళ సందులోంచి గీతలుగా వదులుతుంటారు, అంత పెద్ద ముగ్గుకు కొలబద్ద ఉండదు, గీత వంకర పోదు. గంటలు పట్టి వేసినదాన్ని పూజ అయ్యాక తొక్కేస్తారు. నీకు ప్రాణం ఉసూరుమంటుంది, కానీ అది అంతే. అప్పటిదాకా మాత్రం మీ కాలు దాని మీద పడకుండా చూసుకోండి, చున్నీలు జాగ్రత్త.

డోలు నీ ప్రాణమన్నావు కదా, అది చెప్తాను. వీడియోల్లో నువ్వు చూసిన విన్యాసాలు, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి కొట్టడం, గిర్రున తిరగడం, అవి ఆదివారం సాయంత్రం బోనాల ఊరేగింపులో ఉంటాయి. రాత్రి కథలో డోలు వేరు. అక్కడ అది కథకు కాళ్ళలాంటిది. ప్రధాన కథకుడు ఒక మాట అని ఆగుతాడు, వంత పాడేవాళ్ళు అందుకుంటారు, డోలు ఒక్క దెబ్బ కొట్టి ఊరుకుంటుంది. ఆ ఒక్క దెబ్బ కోసం నువ్వు చెవి రిక్కించడం నేర్చుకుంటే ఆదివారం ఊరేగింపులో అవే డోళ్ళు వందసార్లు మోగినప్పుడు ఏ దెబ్బ ఎక్కడిదో తెలుస్తుంది. అందుకే శనివారం రాత్రి కూర్చోకుండా ఆదివారం ఊరేగింపుకు మాత్రం వస్తానన్న నీ రెండో స్నేహితురాలికి గట్టిగా చెప్పు. కథలో సాగదీసినట్టు అనిపించే చోట్లు ఉంటాయి, వంశం పేర్లు చెప్పుకుంటూ పోతారు, దేవుళ్ళందరినీ తలుచుకుంటారు. అప్పుడు లేవకండి. మీరు ఎదురుచూస్తున్నది అక్కడి నుంచే వస్తుంది. ఒగ్గు కథలో పేరున్న మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారు 2017లో పోయారు, అంతకుముందు హనుమాజీపేట మిద్దె రాములు గారు. ఆ పెద్దల పేర్లు ఈ మేళాలవాళ్ళు ఇప్పటికీ దండం పెట్టి తలుచుకుంటారు, ఆ తలుచుకోవడం కూడా వినాలి.

కూర్చునే చోటు. సౌండ్ బాక్సుల దగ్గర కూర్చోవద్దు. ఇది ఒట్టి సలహా కాదు. పన్నెండేళ్ళ కింద ఒక పెళ్ళి బరాత్‌లో మూడు గంటలు బాక్సు పక్కనే నిలబడ్డాను, ఆ రాత్రి నుంచి నా ఎడమ చెవిలో కీచురాళ్ళ మోత ఆగలేదు, పండుకున్నప్పుడు కూడా. డాక్టర్ చెప్పిన లెక్క ఏమిటంటే, 85 డెసిబెల్స్ మోత ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి పడిపోతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. మెడికల్ షాపులో స్పాంజి ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి, మూడు జతలు తెచ్చుకోండి. ఊరేగింపులో డోళ్ళకు ఎదురుగా కాకుండా పది పదిహేను అడుగులు పక్కగా నడవండి.

కానీ అసలు సంగతి ఇంకొకటి ఉంది, ఇది ఎవరూ చెప్పరు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు పెట్టకూడదు, పండుగలకు ప్రభుత్వం సడలిస్తే పన్నెండు దాకా, అదీ ఏడాదికి పదిహేను రోజులు మించకుండా. మన ఊరివాళ్ళు పన్నెండు దాకా అనుమతి తెచ్చుకున్నారు. పన్నెండు కొట్టగానే మైకు ఆపేస్తారు, సగం జనం లేచి ఇళ్ళకు పోతారు. మీరు అప్పుడు లేచి ముందుకు జరగండి. పట్నం అంచు దాకా వచ్చి కూర్చోండి. ఆ తర్వాత కథకుడి గొంతు గొంతులా వినబడుతుంది, ఊపిరి తీసుకోవడం వినబడుతుంది, కాలి గజ్జెలు వినబడతాయి, ఎక్కడో గొర్రె అరిస్తే కథకుడు దాన్ని కూడా కథలో కలిపేస్తాడు. జనం తగ్గారని మేళం నీరసపడదు, ఉన్నవాళ్ళ కళ్ళలోకి చూసి చెప్తుంది. నేను ఏ ఊరికి వెళ్ళినా ఆ పన్నెండు కోసమే వెళ్తాను.

ఫోన్ తీస్తావని తెలుసు, తీయొద్దనను. మొదటి పది నిమిషాలు తీసుకొని లోపల పెట్టెయ్. చీకట్లో స్క్రీన్ వెలుగు కథకుడి కళ్ళలో పడుతుంది. శివసత్తులకు శిగం, అంటే పూనకం, వచ్చినప్పుడు మాత్రం అస్సలు తీయొద్దు, వాళ్ళు మన అక్కలు, పిన్నులు, తెల్లారి లేచి పనికి పోవాల్సినవాళ్ళు. గావు పట్టేటప్పుడు, అంటే బలి ఇచ్చేటప్పుడు, చూడలేకపోతే తల తిప్పుకొని మెల్లగా పక్కకు నడిచి వెళ్ళు, ఎవరూ ఏమీ అనుకోరు, కానీ అక్కడే నిలబడి ముఖం చిట్లించుకోకు.

చేతిలో యాభైలు, వందలు పెట్టుకోండి. కథ మధ్యలో ఇస్తే పేరు చెప్పి దీవిస్తారు. మీ ముగ్గురి పేర్లు కాగితం మీద రాసి నోటుతో పాటు ఇవ్వండి. నీ ఉత్సాహానికి వెయ్యి రూపాయలు ఒక్కసారి ఇచ్చెయ్యాలనిపిస్తుంది, అట్లా కాకుండా డోలు కొట్టే పిల్లవాడికి, తాళం వేసే ముసలాయనకు విడివిడిగా చేతికిచ్చి రా. పేరు ఎప్పుడూ ముందు నిలబడ్డవాళ్ళకే వస్తుంది.

ఈ నెల గాలిదుమారాలు ఎక్కువగా ఉన్నాయి. గాలి లేచిందంటే షామియానా కింద ఒక్క నిమిషం ఉండకండి, చెట్టు కిందికీ పోకండి, నేరుగా బడి వరండాలోకి రండి. గుడి పక్కన బాత్రూం లేదు, మన మేనత్త వాళ్ళ ఇల్లు రెండు గజాల దూరంలోనే ఉంది, ఆమెకు చెప్పి పెట్టాను, రాత్రంతా తలుపు తీసే ఉంచుతుంది.

తిండి గురించి బెంగ వద్దు. రాత్రికి సర్వపిండి, పెరుగన్నం కట్టి తెస్తాను, పగలు అంబలి ఉంటుంది. బిర్యానీ తిని వచ్చి కూర్చుంటే పన్నెండు కాకముందే కళ్ళు మూతపడతాయి. నీళ్ళ సీసాలు మీరు తెచ్చుకోండి, మనిషికి రెండు.

గొంగడి అటక మీద నుంచి దించి ఎండలో వేశాను, మీ తాతది, నలుగురు కూర్చోవచ్చు. శనివారం ఆరింటికే వెళ్ళి గుడికి ఎడమ పక్క, సౌండ్ బాక్సులకు దూరంగా పరుస్తాను. రైలెక్కగానే ఫోన్ చెయ్. ఒకవేళ ఆ రాత్రి రెండు దాటాక నా తల వాలిపోతే నన్ను గట్టిగా లేపు బిడ్డా, నీళ్ళు చల్లైనా సరే.

మీ పెద్దమ్మ