ఆ బడ్జెట్ కాగితం మళ్లీ రాయి

అమ్మాయ్,

మూడు మండలాల ఆడవాళ్లకి పచ్చళ్లు, మగ్గం వర్కు జాకెట్లు ఆన్‌లైన్‌లో అమ్ముకోవడం నేర్పించడానికి ఓ కంపెనీ సీఎస్ఆర్ డబ్బు, అంటే లాభాల్లోంచి సమాజం కోసం చట్టప్రకారం పెట్టాల్సిన సొమ్ము, ఇస్తోందని రాశావు. సంతోషం. నువ్వు పంపిన బడ్జెట్ కూడా చూశాను. వీడియోలకి వేశావు, యాప్‌కి వేశావు, సర్టిఫికెట్లకీ వేశావు. ఫోన్‌కి మాత్రం రూపాయి వేయలేదు.

కొన్నేళ్ల కిందట మా మండలంలో ఇలాంటి క్లాసే పెట్టారు, పొద్దున పదకొండింటికి. ఆ వేళకి సగంమంది మిరపచేలో ఉంటారు, ఫోనేమో మొగుడి జేబులో గుంటూరు వెళ్లిపోతుంది. అయినా హాజరు అరవైకి అరవై పడింది. సంఘాల లెక్కలు రాసే యానిమేటర్ కొడుకు, ఇంటర్ చదివేవాడు, కూర్చుని వరసగా అందరి పేర్లతో లాగిన్ కొట్టేశాడు. లామినేషన్ చేసిన సర్టిఫికెట్లు పంచాం, ఫొటోలు దిగాం. ఒకావిడ ఇంట్లో అది ఇప్పటికీ దేవుడి క్యాలెండర్ పక్కన వేలాడుతోంది, ఆవిడ ఇప్పటికీ కాయ కోతకే వెళ్తోంది. కంపెనీని ఒక్కదాన్నే ఏమనను? ఆ లెక్క మీద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

కాబట్టి క్లాసు అన్నాలయ్యాక పెట్టు, ఇరవై నిమిషాలు మించొద్దు. గ్రామ సమాఖ్యకి రెండు ట్యాబులు కొనిపించు. సంఘం పేరున కుదరదని ఎవరైనా అంటే, సీఎస్ఆర్ సొమ్ముతో కొన్న ఆస్తి లబ్ధిదారుల సంఘాల పేరున ఉండొచ్చని 2021లో వచ్చిన రూల్సులోనే ఉంది, చూపించు. ఊళ్లో తిరిగి చేయిపట్టి చూపించే మనిషి జీతం అడగడానికీ మొహమాటపడకు. పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదని కంపెనీవాళ్లంటారు. ఆ హద్దు కంపెనీ సొంత పరిపాలన ఖర్చుకి. మీ మనిషి జీతం ప్రాజెక్టు ఖర్చులోకే వస్తుంది.

మార్చి నెలతో జాగ్రత్త. మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి కదా, ఏడాది చివరికొచ్చేసరికి వాళ్లకి కంగారు పుడుతుంది. జనవరిలో చెక్కిచ్చి మార్చి 31కల్లా వెయ్యిమందిని చూపించమంటే తల ఊపకు. మొదట్లోనే దాన్ని ఆన్‌గోయింగ్ ప్రాజెక్టుగా, అంటే ఏడాది దాటి సాగే పనిగా, బోర్డులో ఆమోదింపజేయమను. అప్పుడు మిగిలిన సొమ్ము వేరే ఖాతాలో వేసి, తర్వాతి మూడేళ్లలో ఖర్చు పెట్టుకునే వీలుంది.

ఇక అసలు కష్టం అమ్మకం దగ్గర. మా సంఘంలో ఒకమ్మాయి వంగపండు రంగు జాకెట్‌ని ట్యూబ్‌లైటు కింద ఫొటో తీసింది. అది నీలంగా పడింది. మూడు ఆర్డర్లొస్తే మూడూ తిరిగొచ్చాయి. పొద్దున్నే వాకిట్లో నేత చాప పరిచి తీయమన్నాం, అంతే. ఇంకొకావిడ పంపిన ఆవకాయ సీసా మూత వదులై, కొరియర్ డబ్బా అంతా నూనె. ఇవి ఏ వీడియోలోనూ ఉండవమ్మా. మొదటి పది పార్సిళ్లు పోయినా ఫర్వాలేదన్నట్టు కొంత డబ్బు పక్కన పెట్టు.

కాగితాలకి భయపడేవాళ్లు చాలామంది ఉంటారు. పచ్చళ్లకి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ మేం చేయించినప్పుడు ఏడాదికి 100 రూపాయలే. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి పైసా అక్కర్లేదు, ఎవడైనా ఫీజడిగితే అది వాడి జేబుకే. అమ్మకాలు జీఎస్టీ పరిమితిలోపు ఉన్నవాళ్లు 2023 అక్టోబరు నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే సొంత రాష్ట్రంలోపల ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకోవచ్చు, పాన్ మీద ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు.

డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందో ఒక్కొక్కరి పాసు పుస్తకం తెరిచి చూడు. మొగుడి ఖాతా నంబరు ఇచ్చినవాళ్లు నీకు కనీసం పదిమంది తగులుతారు.

రిపోర్టులో ‘శిక్షణ పొందినవారు’ అన్న గడి పక్కనే ‘సొంత ఖాతాలో మొదటి ఆర్డరు డబ్బు పడినవారు’ అని ఇంకో గడి గీయించు. సంఖ్య చిన్నదవుతుందని కంపెనీవాళ్లు నసుగుతారు, నసగనీ.

ఆదివారం భోజనానికొచ్చెయ్. ఆ కాగితం కూడా పట్టుకురా, ఇద్దరం కూర్చుని తిరగరాద్దాం.

పిన్ని