పక్కపక్కనే ఓక్ అడవి, పైన్ తోట ఉంటే చిట్టెలుకలు ఎందులో తిరుగుతాయి?

రెండింటిలోనూ తిరుగుతాయి, కానీ ఒకేలా కాదు. అడవి మారే చోట మన కంటికి కనిపించే హద్దు వాటికి గోడేమీ కాదు. తిండి, దాక్కునే చోటు ఎటుంటే అటు పోతాయి.

యూరప్‌లో కనిపించే అడవి చిట్టెలుకనే తీసుకోండి. బరువు సుమారు 20 గ్రాములు. ఓక్ చెట్లు, బీచ్ (beech) అనే అడవి చెట్ల కింద ఆకురాలు కాలంలో గింజలు పుష్కలంగా రాలితే కాస్త జాగాతోనే దానికి గడిచిపోతుంది. దట్టంగా నాటిన పైన్ తోటలో నేలకి వెలుతురు అందదు, పొదలు తక్కువ, తిండీ తక్కువ. అక్కడ కడుపు నిండాలంటే ఎక్కువ దూరం తిరగక తప్పదు. కాబట్టి ఎక్కువ తిరిగితే ఆ అడవి నచ్చినట్టు అనుకోకండి, చాలాసార్లు విషయం అందుకు ఉల్టా.

పైగా సంతాన కాలంలో మగవి ఆడవాటిని వెతుక్కుంటూ చాలా విస్తారంగా తిరుగుతాయి. ఆడవి బొరియ చుట్టుపక్కలే ఉంటాయి. రెండింటి లెక్కలూ కలిపేస్తే అడవి ప్రభావం ఏదో తేలదు.

బోను పెడితే ఎలుక ఎక్కడ చిక్కిందో తెలుస్తుంది గానీ, ఏ దారిన వచ్చిందో తెలియదు. అందుకే పరిశోధకులు దాని ఒంటికి ఫ్లోరోసెంట్ పొడి అద్ది వదులుతారు. తర్వాత చీకట్లో అల్ట్రావయొలెట్ లైట్ వేస్తే నేల మీద మెరిసే గీత కనిపిస్తుంది. ఆ గీత తరచూ పడిపోయిన దుంగల వెంటే సాగుతుంది. ఎండుటాకుల మీద నడిస్తే వచ్చే చప్పుడు గుడ్లగూబ చెవిన పడుతుంది, దుంగ మీద ఆ టెన్షన్ తక్కువ.