నరం, నాడి, ధమని, సిర: ఏది ఎక్కడ?

సందేహం: మా నాన్నగారికి యాంజియోగ్రామ్ తీసి, "గుండె నరాల్లో అడ్డంకులు ఉన్నాయి" అన్నారు. మా అబ్బాయి సైన్సు పుస్తకంలో మాత్రం గుండెకు ఉండేవి ధమనులు, సిరలు అని ఉంది. నాడి అంటే మెదడు సంకేతాలను మోసేది అని కూడా ఉంది. మరి వైద్యుడు చేయి పట్టుకుని చూసేదీ నాడే కదా? నరం అనడం తప్పా? ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం ఉంటాయనడం సరైనదేనా? సిర అని రాయాలా, శిర అని రాయాలా?

సమాధానం: నరం అనడం తప్పు కాదు. అది మన సొంత మాట. కన్నడంలో నర, తమిళంలో నరంబు దీనికి సోదర పదాలు. తమిళంలో యాళ్ అనే పాత వాద్యం తీగలను కూడా నరంబు అనే అన్నారు. ఒంట్లో తీగలా సాగి ఉండే దేన్నయినా జనం ఈ మాటతోనే పిలుచుకున్నారు. సెలైన్ పెట్టబోతూ "నరం దొరకడం లేదు" అని నర్సు అంటే అది సిర. "నరాల బలహీనత" అన్నప్పుడు సంకేతాలు మోసే నాడి. "నరం పట్టేసింది" అంటే చాలాసార్లు అది కండరం. "నరనరానా" అంటే ఒళ్లంతా. ఇన్ని అర్థాలున్నా ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఎవరూ తికమకపడరు.

చిక్కు వైద్యం దగ్గర వస్తుంది. కాళ్లలో సిరలు ఉబ్బి మెలికలు తిరిగినవారు అది నరాల జబ్బు అనుకుని నరాల వైద్యుడి దగ్గరకు వెళ్తారు. వెళ్లవలసింది రక్తనాళాల వైద్యుడి దగ్గరకు. "మెదడులో నరం చిట్లింది" అని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. చిట్లేది రక్తనాళం. లోపల ఒత్తిడితో రక్తం పారుతున్న గొట్టం చిట్లుతుంది గానీ, సంకేతాలు మోసే తంతువు చిట్లదు. అందుకే రోగికి చెప్పేటప్పుడూ పత్రికలో రాసేటప్పుడూ రక్తనాళం అనే మాటే వాడాలని గట్టిగా కోరుతాను. అది ఎవరికీ కష్టమైన మాట కాదు.

మీ నాన్నగారి విషయంలో ఇంకా కచ్చితంగా చెప్పాలంటే అవి హృదయ ధమనులు. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని మొదట్లోనే ఇవి చీలి, వెనక్కి తిరిగి గుండె కండరానికే రక్తాన్ని అందిస్తాయి. గుండె విశ్రాంతిలో నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. అయినా తన గదుల్లో నిండే ఆ రక్తంతో దాని కండరానికి ఆకలి తీరదు. ఈ ధమనుల ద్వారా రావలసిందే. వాటిలో ఒకటి ఉన్నట్టుండి పూడుకుపోతే వచ్చేదే గుండెపోటు.

ఇక నాడి. ఇది సంస్కృత పదం. మొదటి అర్థం గొట్టం. డకార ళకారాలు ఒకదాని స్థానంలో ఒకటి వస్తుంటాయి కాబట్టి నాడి, నాళం, నాళిక ఒకే కుదురుకు చెందినవి. రక్తనాళంలోని నాళం కూడా ఇదే. వైద్యుడు వేళ్లు ఆనించేది మణికట్టులో బొటనవేలి వైపు, ఎముక మీదుగా వెళ్లే ధమనికి. గుండె సంకోచించినప్పుడల్లా పుట్టిన ఒత్తిడి అల ధమని గోడల వెంట సాగుతూ ఆ వేళ్లకు తగులుతుంది. ఆ అల రక్తం కంటే ఎంతో వేగంగా పోతుంది. "ప్రజల నాడి పట్టిన నాయకుడు" అనే పలుకుబడి ఇక్కడి నుంచి వచ్చిందే. మరోవైపు యోగశాస్త్రంలో ఇడ, పింగళ, సుషుమ్న అనే నాడులు ప్రాణం సంచరించే దారులు. సుషుమ్నను వెన్నులో ఉన్నట్టు భావించారు. శాస్త్ర పాఠాల్లో నాడీ వ్యవస్థ, నాడీకణం అనే మాటలు కుదురుకోవడానికి ఈ వాడుక దోహదం చేసిందని నా అభిప్రాయం. "నాడి చూశారు", "నాడి అందడం లేదు" అన్నప్పుడు గుండె కొట్టుకోవడమే అర్థం. నాడీ వ్యవస్థ వంటి సమాసాల్లో మెదడు సంకేతాలు మోసేది అనే రెండో అర్థం. రెండూ పక్కపక్కనే వచ్చేచోట మొదటిదాన్ని నాడీ స్పందన అని రాస్తే సరిపోతుంది.

ధమని, సిర అనే పేర్లకు చరక సంహిత సూత్రస్థానంలోనే వ్యుత్పత్తి ఉంది: "ధ్మానాద్ధమన్యః, స్రవణాత్ స్రోతాంసి, సరణాత్ సిరాః". ధ్మా ధాతువుకు ఊదడం అని అర్థం. కొలిమి తిత్తిలా ఉబ్బుతూ తగ్గుతూ కొట్టుకునేది ధమని. సాగిపోయేది సిర. ఈ వ్యుత్పత్తి నాకెంతో ఇష్టం. మెడ పక్కన వేలు పెట్టి చూస్తే ధమని కొట్టుకోవడం తెలుస్తుంది. మోచేతి మడతలో పైకి తేలిన సిర అలా కొట్టుకోదు. అయితే పాత గ్రంథాల ధమనిని నేటి పాఠ్యపుస్తకంలోని ధమనితో సమానంగా పెట్టి చదవకూడదు. సుశ్రుత సంహిత 700 సిరలనూ 24 ధమనులనూ చెప్పి, అవి నాభి నుంచి పుడతాయంటుంది. మనం పాత పేర్లను తీసుకుని కొత్త నిర్వచనం ఇచ్చుకున్నాం.

ఆ నిర్వచనంలో మంచి రక్తానికీ చెడు రక్తానికీ చోటు లేదు. గుండె నుంచి బయటకు తీసుకువెళ్లేది ధమని, గుండె వైపు తెచ్చేది సిర. అంతే. పుపుస ధమని ఊపిరితిత్తులకు ఆక్సిజన్ తగ్గిన రక్తాన్నే తీసుకువెళ్తుంది. పుపుస సిరలు ఆక్సిజన్ నిండిన రక్తాన్ని తెస్తాయి. బొడ్డుతాడులోనూ ఇంతే: అందులోని రెండు ధమనులు శిశువు వాడుకున్న రక్తాన్ని మాయకు చేరిస్తే, ఒకే ఒక సిర ఆక్సిజన్ ఉన్న రక్తాన్ని శిశువుకు తెస్తుంది. మంచి, చెడు అని నేర్చుకున్న పిల్లవాడు ఈ రెండు చోట్లా తప్పు రాస్తాడు. పైగా చెడు రక్తం అన్నమాటే సరికాదు. విశ్రాంతిలో ఉన్న మనిషి సిరల్లో గుండెకు తిరిగి చేరే రక్తంలోనూ దాదాపు ముప్పావు వంతు ఆక్సిజన్ మిగిలే ఉంటుంది. రక్తదానంలో మనం ఇచ్చేదీ సిరలోని రక్తమే. అది మరొకరి ప్రాణం నిలుపుతోంది కదా!

సిర, శిర రెండు రూపాలూ ఉన్నాయి. కానీ "సరణాత్ సిరాః" అన్న వ్యుత్పత్తికి సకారమే కుదురుతుంది. తల అనే అర్థమున్న శిరస్సుతో కలగాపులగం కాకుండానూ ఉంటుంది. సిర అనే రాయండి.