మడత పడే చీలమండను మాత్రతో ఎంతకాలం నెట్టుకొస్తారు?

ప్రశ్న: నా వయసు 22. యూనివర్సిటీ వాలీబాల్ జట్టులో అటాకర్‌ని. రెండేళ్ల క్రితం నెట్ దగ్గర ఎగిరి ఎదుటి జట్టు కొట్టిన బంతిని అడ్డుకుని (బ్లాక్ చేసి) దిగుతుండగా కుడి చీలమండ బెణికింది. అప్పటి నుంచి తరచూ మడత పడుతోంది. మ్యాచ్‌కు ముందు నొప్పి మాత్ర వేసుకుని, క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని ఆడుతున్నాను. ఈ మధ్య జంప్ తగ్గింది, కుడి పిక్క సన్నబడినట్టుంది. జంప్ పెరగడానికి ఏ ప్రొటీన్ పౌడర్ వాడాలి? - ఒక పాఠకుడు, భీమవరం

డాక్టర్ సలహా: రోజూ తినే భోజనంలో గుడ్డు, చేప, పప్పు, పెరుగు సరిపడా ఉంటే పౌడర్ అవసరం సాధారణంగా రాదు. మీరు అడిగినదానికి జవాబు అంతే. నన్ను కలవరపెట్టింది మాత్రం మీరు మామూలు విషయంలా రాసేసిన నొప్పి మాత్ర.

కాలును చూడకుండా ఇదే జబ్బని తేల్చి చెప్పలేను. అయితే మొదటి బెణుకు తర్వాత ఏడాది దాటినా కాలు పదే పదే మడత పడుతుంటే దీర్ఘకాలిక చీలమండ అస్థిరత ఉందేమోనని అనుమానిస్తాం. నెట్ దగ్గర ఎగిరి దిగేటప్పుడు ఎదుటి జట్టులో బంతిని బలంగా కొట్టే స్పైకర్ పాదం మీదో, పక్కనే బ్లాక్‌కు లేచిన సొంత ఆటగాడి పాదం మీదో కాలు పడి లోపలికి తిరగడం, దాంతో చీలమండ బయటి వైపు లిగమెంట్లు, అంటే ఎముకలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే పట్టీలు, సాగడమో తెగడమో జరగడం వాలీబాల్‌లో తరచూ చూసేదే. పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు తెలిపే నరాల కొసలు కూడా ఆ లిగమెంట్లలోనే ఉంటాయి. అవి దెబ్బతింటే, తిరగబోతున్న పాదాన్ని బయటికి లాగి నిలబెట్టవలసిన పెరోనియల్ కండరాలు, అంటే పిక్కకు బయటి అంచున ఉండేవి, క్షణంలో కొద్ది భాగం ఆలస్యంగా స్పందిస్తాయి. ఎగిరి దిగే ఆటలో మడత పడటానికి ఆ ఆలస్యం చాలు.

దెబ్బతిన్న కీలు చుట్టూ ఉన్న కండరాలను నాడీవ్యవస్థే కొంతవరకు అణచి ఉంచుతుంది. మీకు తెలియకుండానే ఆ కాలిపై బరువు తగ్గిస్తూ వస్తారు కాబట్టి పిక్క సన్నబడవచ్చు, తుంటి పక్క కండరాలు కూడా బలహీనపడవచ్చు. పాదంలో తిమ్మిరి ఉన్నా, వేళ్లు పైకి ఎత్తలేకపోతున్నా అది వేరే విషయం. నరాల పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో ఒక పరీక్ష చేసి చూడండి. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకుతూ పాదాన్ని కొద్దికొద్దిగా వెనక్కి జరపండి. కుడి పాదం ఎడమదానంత వెనక్కి వెళ్లకపోతే చీలమండ బిగుసుకుందని అర్థం. అలాంటప్పుడు అప్రోచ్ (బంతి కొట్టడానికి ఎగిరే ముందు వేసే పరుగు అడుగులు) చివరి అడుగులో కాలు తగినంత వంగదు, జంప్ తగ్గుతుంది, దిగినప్పటి కుదుపు మోకాలి మీద పడుతుంది.

ఇక ఆ మాత్ర సంగతి. దాని పేరు గానీ, నెలకు ఎన్ని వేసుకుంటున్నారో గానీ మీరు రాయలేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ వంటివి ఖాళీ కడుపుతో పదే పదే వేసుకుంటే జీర్ణాశయంలో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు. చెమట కారి ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదమూ ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఆట ఆపమని హెచ్చరించే నొప్పిని అవి మూసిపెడతాయి. చీలమండ లోపలి మృదులాస్థి చిట్లినా, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు చీలినా మీకు తెలియకుండానే సెట్లు ఆడేస్తారు. రెండేళ్లుగా ఒక్కసారి కూడా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకున్నట్టు మీ ఉత్తరంలో లేదు. చదువుకున్నవారు ఇలా చేయడం బాగాలేదు.

పరీక్షించిన డాక్టర్ ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ రాస్తారు. చాలామందికి ఆపరేషన్ అవసరం పడదు. ఒంటికాలిపై నిలబడి బంతి పట్టుకోవడం, రబ్బరు బ్యాండుతో పాదాన్ని బయటికి నెట్టడం, మడమలెత్తడం, ఆపైన దిగే పద్ధతి నేర్చుకోవడం వంటివి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు చేయాలి. నొప్పి తగ్గగానే మానేసేవారే మళ్లీ వస్తుంటారు. తిరిగి ఆడేటప్పుడు క్రేప్ బ్యాండేజీ బదులు లేసులు బిగించే చీలమండ బ్రేస్ వాడితే మళ్లీ బెణికే అవకాశం తగ్గుతుంది. ఇవన్నీ చేసినా కాలు నిలవకపోతేనే లిగమెంట్ సరిచేసే శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు. ఈలోగా మళ్లీ మడత పడి నాలుగు అడుగులు వేయలేకపోతే అదే రోజు ఎక్స్‌రే తీయించండి.

డాక్టర్ చూసేదాకా మ్యాచ్‌లు ఆడకండి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు ఏవైనా ఉంటే వాటితో పాటు ఆ మాత్రల షీటు కూడా పట్టుకెళ్లండి. పేరు గుర్తులేదన్న మాట మేం రోజూ వింటూనే ఉంటాం.