నిద్రలోనూ ఆగని గోకుడు

ప్రశ్న: మా బాబుకి 9 ఏళ్ళు. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక రెండేళ్ళుగా ఎగ్జిమా ఉంది. పగలు ఎలాగో ఉంటాడు, రాత్రి పదకొండు దాటితే నిద్రలోనే గోకేసుకుంటాడు. పొద్దున చూస్తే దుప్పటి మీద నెత్తుటి గీతలు. రోజూ అలర్జీ మాత్ర వేస్తున్నాం. మగతగా పడుకుంటాడు తప్ప దురద తగ్గదు. వంకాయ మానిపించమని మా అత్తగారు, గోకడం అలవాటైపోయిందని మావారు. మాత్ర ఎందుకు పనిచేయడం లేదు డాక్టరుగారూ?
– ఒక తల్లి, తణుకు

జవాబు: ముందు ఒకటి చూడండమ్మా. ఇంట్లో ఇంకెవరైనా రాత్రిళ్ళు గోక్కుంటున్నారా? బాబు వేళ్ళ సందుల్లో చిన్న పొక్కులున్నాయా? ఉంటే గజ్జి కావచ్చు, దాని మందు వేరు. అదేమీ లేకపోతే, మీ ఉత్తరం అచ్చం నా చిన్నతనమే. మా అమ్మమ్మ పాత నూలు చీర చింపి నా రెండు చేతులకూ సంచుల్లా కట్టి పడుకోబెట్టేది. నేను నిద్రలోనే పళ్ళతో ముడి విప్పేసేదాన్ని. అందుకే అలవాటు అంటే నేను ఒప్పుకోను.

దోమ కుట్టినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా దురద పుట్టించేది ముఖ్యంగా హిస్టమిన్ అనే రసాయనం. మీరు వేసే మాత్ర దాన్నే అడ్డుకుంటుంది. ఎగ్జిమా దురదలో హిస్టమిన్ వాటా చాలా తక్కువ. ఇక్కడ గొడవ చర్మం పైపొరలో మొదలవుతుంది. ఆ పొరను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ కొందరికి పుట్టుకతోనే తక్కువ. ఆ జన్యులోపానికీ ఎగ్జిమాకీ ఉన్న సంబంధం 2006లో బయటపడింది. సున్నం రాలిన గోడలా చర్మంలోంచి తేమ బయటికి పోతుంది, దుమ్మూ క్రిములూ లోపలికి దూరతాయి. దాంతో రోగనిరోధక కణాలు రెచ్చిపోయి ఐఎల్-4, ఐఎల్-13, ఐఎల్-31 అనే రసాయనాలు వదులుతాయి. ఇవి నేరుగా దురద నరాలకే తగులుకుంటాయి. ఐఎల్-4 తగిలిన నరం కొద్దిపాటి ప్రేరణకే స్పందిస్తుందని 2017లో అమెరికాలోని సెయింట్ లూయిస్ పరిశోధకులు ఎలుకల్లో చూశారు. ఇలాంటి పిల్లలకు చెమట పట్టినా, చొక్కా కుట్టు ఒరుసుకున్నా చాలు మరి. ఎగ్జిమా చర్మం మీద తిష్ఠ వేసే స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా కూడా తన ఎంజైముతో నరాన్ని రేపగలదని 2023లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు, అదీ ఎలుకల్లోనే, చూపించారు.

గోకితే ఆ నొప్పి వెన్నుపాములో దురద కబురును కాసేపు అణచేస్తుంది, హాయిగా ఉంటుంది. ఈలోగా గోళ్ళకు చిరిగిన చర్మకణాలు మళ్ళీ ఆ రసాయనాలనే రప్పిస్తాయి. రాత్రయితే చర్మం వెచ్చబడుతుంది, తేమ ఎక్కువగా పోతుంది, వాపును అదుపులో ఉంచే కార్టిసాల్ అనే హార్మోను అర్ధరాత్రికి బాగా పడిపోతుంది.

వంకాయ తిన్న ప్రతిసారీ కాసేపటికే దద్దుర్లు లేస్తుంటే తప్ప మానక్కర్లేదు. అత్తగారికి నా మాటగా చెప్పండి. సున్నిపిండితో రుద్దుతుంటే మాత్రం ఆపండి. గోరువెచ్చటి నీళ్ళతో 5–10 నిమిషాల్లో స్నానం ముగించి, తువ్వాలుతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ దట్టంగా రాయండి. కొబ్బరినూనె రాసినా తప్పు లేదు. ఎర్రబడ్డ చోట డాక్టరు రాసిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ చెప్పినన్ని రోజులూ వాడండి. దాని పేరు వింటేనే టెన్షన్ పడి రెండో రోజే ఆపేసేవాళ్ళు నా దగ్గరికి రోజూ వస్తారు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే, మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబుల జోలికి మాత్రం పోకండి, చర్మం పలచబడుతుంది. వీటికి లొంగకపోతే ఐఎల్-4, ఐఎల్-13 కబుర్లను ఆపే డుపిలుమాబ్ ఇంజెక్షన్ ఉంది. ఖరీదెక్కువ. చర్మవైద్యులు చూసి నిర్ణయించాలి.

"గోకకురా" అని మందలించే బదులు చల్లటి తడిగుడ్డ చేతికివ్వండి, ఆ చల్లదనానికి దురద కాస్త తగ్గుతుంది. గోళ్ళు పొట్టిగా కత్తిరించండి. చేతులకు సంచులు మాత్రం కట్టకండి, విప్పేస్తాడు.