పచ్చనీళ్లలో రేణువు వెంట

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి కెమికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. నాచు పెంచే గాజు గొట్టంలో రేడియోధార్మిక రేణువు వేసి నీళ్లు ఎలా తిరుగుతున్నాయో చూస్తారట, దాని మీద సెమినార్ తయారుచేస్తున్నాడు. గన్నవరం దగ్గర మాకు స్పైరులినా అనే నాచు పెంచే తొట్టె ఉంది. మధ్యలో గోడ, ఒక పక్క ప్యాడిల్ వీల్. దానికీ ఈ పరీక్ష చేయించమంటున్నాడు. తినే సరుకు కదా! రంగు కలిపి చూస్తే చాలదా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, సెమినార్ చెప్పనివ్వండి, తొట్టె జోలికి మాత్రం రానివ్వకండి.

రంగు సంగతి మీకే తెలుస్తుంది. చిక్కబడ్డ తొట్టెలో చెయ్యి ముంచండి, కాస్త లోతుకే అరచెయ్యి కనపడదు. అక్కడ రంగేం కనిపిస్తుంది? కెమెరాకూ, లేజర్‌కూ అదే గతి. ఉప్పు వేసి విద్యుత్ వాహకత కొలుద్దామా అంటే, స్పైరులినా నీళ్లలో ముందే బోలెడు సోడా ఉప్పు ఉంటుంది. దాన్ని పెంచే పోషక ద్రావణం జరూక్ మీడియంలో లీటరుకు 16.8 గ్రాముల సోడియం బైకార్బనేట్. మీ గుప్పెడు ఉప్పు అందులో ఆనదు. రేడియోధార్మిక పదార్థం వదిలే గామా కిరణాలకు పచ్చదనం అడ్డు కాదు, గాజూ దాటి వస్తాయి. అందుకని ఆ తంటా.

పద్ధతులు రెండు. టెక్నీషియం-99ఎం లాంటి రేడియోధార్మిక పదార్థం ద్రవంలో కలిపి లోపలికి పంపి, బయటికొచ్చే చోట కిరణాలు పసిగట్టే డిటెక్టర్ పెడతారు. నెహ్రూ బస్టాండులో దిగిన జనంలా కొంత ద్రవం వెంటనే బయటపడుతుంది, కొంత ఏ మూలో చిక్కుకుంటుంది. ఏది ఎంతసేపు లోపల ఉందనే ఆ లెక్కకు 1953లో కెమికల్ ఇంజనీర్ డాంక్‌వెర్ట్స్ దారి వేశాడు. ఎముకల స్కాన్‌కు వాడేదీ ఈ టెక్నీషియమే. అర్ధాయువు, అంటే సగానికి తరిగే కాలం, 6 గంటలు, అంటే 60 గంటలకు వెయ్యో వంతు కూడా మిగలదు.

మీవాడు చెప్పేది రెండోది, నాకు ముచ్చటైనదీ అదే. రేడియోధార్మిక స్కాండియం-46 పొదిగిన ఒక్క చిన్న రేణువు. ద్రవానికి ఎంత సాంద్రత ఉందో దానికీ అంతే ఉండేలా పూత వేస్తారు, లేకపోతే మునిగిపోతుంది. గొట్టం చుట్టూ సోడియం అయొడైడ్ డిటెక్టర్లు. ఏ డిటెక్టర్‌కు ఎన్ని కిరణాలు తగిలాయో చూసి, రేణువు ఆ క్షణాన ఎక్కడుందో లెక్కగడతారు. గంటల తరబడి దాని వెంటే ఉంటే, నాచు కణం గోడ దగ్గర వెలుగులో ఎంతసేపు ఉంటుందో, నడిమి చీకట్లో ఎంతసేపు ఉంటుందో తేలుతుంది. పంటను తేల్చేది ఆ వంతులే. గొట్టంలోకి గాలి ఎక్కువ కొడితే వంతులు త్వరగా మారతాయి, నిజమే. కానీ స్పైరులినా పోగులు తెగిపోతాయి, వడకట్టేటప్పుడు జారిపోతాయి.

ఇదంతా ప్రయోగశాల గొట్టాల్లో, అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతితో చేసే పని. ఆ నాచు ఎవరి కంచంలోకీ రాదు.

మీ తొట్టెకి కడిగిన కమలాపండు చాలు. తొక్కతోనే వేయండి, దాదాపు మునిగి తేలుతుంది. తిన్నగా ఉన్న చోట రెండు గుర్తులు పెట్టి, ఫోన్‌లో సెకన్లు చూడండి. వచ్చిన వేగాన్ని 0.85తో గుణించండి, పైన నీళ్లు కాస్త జోరుగా పోతాయి కనుక. సెకనుకు 20 నుంచి 30 సెంటీమీటర్లుంటే చక్రం బాగున్నట్టే. మలుపు దగ్గర పండు అక్కడే గిరగిరా తిరుగుతుంటే, వంపు తిరిగిన ఫైబర్ షీటు ఒకటి నిలబెట్టించండి. ఇనుప రేకు వద్దు, ఆ నీళ్లకు తుప్పు పడుతుంది.