చందా వసూలు సులువే, పదవి దిగడమే కష్టం

ఆంగ్ల భాషాశాస్త్రానికి ఒక విద్వత్ సంఘం పెట్టుకోవాలని రాయలసీమ కాలేజీల నుంచి, యూనివర్సిటీల నుంచి ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు.

డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లిషు చెప్పే తొమ్మిదిమందిమి కలిసి సంఘం పెట్టాలనుకుంటున్నాం. ఎక్కడ రిజిస్టరు చేయించాలి? వేరే సంఘం బైలాలు (నియమావళి) ఒక ప్రతి దొరికింది. పేరు మార్చి వాడుకోవచ్చా?
— ఒక లెక్చరర్, కర్నూలు

తొమ్మిదిమంది సరిపోతారు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ జిల్లా రిజిస్ట్రారు దగ్గరే ఈ పని జరుగుతుంది. సంఘం పేరు, చిరునామా, ఆశయాలు, మొదటి కార్యవర్గం వివరాలతో ఒక మెమోరాండం, దానితోపాటు బైలాలు ఇవ్వాలి. చిరునామాగా కాలేజీ పేరు రాసేటట్లయితే ప్రిన్సిపాల్ ఇచ్చిన అనుమతి లేఖ దగ్గర ఉంచుకోండి. లేకుంటే మీలో ఒకరి బదిలీతో సంఘం చిరునామా గల్లంతవుతుంది.

ఆ పాత ప్రతిని మాత్రం పక్కన పెట్టండి. అలాంటివి చాలామటుకు 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం పేరు చెబుతుంటాయి. మన రాష్ట్రంలో 2001 నుంచి రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు ఆశయాల దగ్గర వస్తుంది. 'ఇంగ్లిషు బోధన అభివృద్ధి' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, రేపు ధ్వనిశాస్త్రం మీద పరిశోధనకో, పత్రిక అచ్చుకో డబ్బు ఖర్చుపెట్టినప్పుడు ఇది ఆశయాల్లో ఎక్కడుందని ఆడిటరు అడుగుతాడు. పరిశోధన, ప్రచురణ, సదస్సులు, గ్రంథాలయం, మాండలిక సేకరణ, వేటికవి విడిగా రాయండి. పేరులో ప్రభుత్వ సంస్థేమో అనిపించే మాటలు పెట్టకండి, అభ్యంతరం వస్తుంది.

అమెరికా భాషాశాస్త్ర సంఘంలో అధ్యక్షుడు ఏటా మారతాడట. అంత తొందరగా మారిస్తే పని ఎలా జరుగుతుంది? మనమూ అలా పెట్టుకోవచ్చా?
— పరిశోధక విద్యార్థిని, అనంతపురం

మారేది కుర్చీయే. మనిషి మూడేళ్లు అక్కడే ఉంటాడు. 1924లో మొదలైన లింగ్విస్టిక్ సొసైటీ ఆఫ్ అమెరికాలో సభ్యులు ఓటు వేసేది ఉపాధ్యక్ష పదవికి. అలా గెలిచినవారు ఏడాది పాటు పక్కనుండి ఫైళ్లు, లెక్కలు, మనుషుల సంగతులు తెలుసుకుని, మరుసటి ఏడు అధ్యక్షులవుతారు. ఆ తర్వాతి ఏడు మాజీ అధ్యక్షుల హోదాలో కార్యవర్గంలో కూర్చుంటారు. అందుకే ఎప్పుడు చూసినా నేర్చుకునేవారు ఒకరు, నడిపేవారు ఒకరు, నడిపి దిగినవారు ఒకరు ఉంటారు. ప్రత్యేక పదవి లేని కార్యవర్గ సభ్యుల గడువు మూడేళ్లు.

మన దగ్గర నూటికి తొంభై సంఘాలు వ్యవస్థాపక కార్యదర్శి ఇంటి అలమారలో ఉంటాయి. ఆయనకు ఒంట్లో బాగాలేకపోతే సంఘానికీ బాగుండదు. కాబట్టి ఈ పద్ధతి తప్పకుండా తెచ్చుకోదగ్గదే. తొమ్మిదిమంది కార్యవర్గం అనుకోండి. మొదటిసారి ఎన్నికవగానే చీట్లు వేసి ముగ్గురికి ఏడాది, ముగ్గురికి రెండేళ్లు, మిగతా ముగ్గురికి మూడేళ్లు గడువు ఇవ్వండి. ఆపైన ఏటా ముగ్గురే దిగుతారు, ముగ్గురే ఎక్కుతారు. మధ్యలో ఖాళీ వస్తే, కొత్తగా వచ్చినవారు ఆ మిగిలిన కాలానికే ఉంటారని స్పష్టంగా రాయాలి. ఈ ఒక్క వాక్యం రాయకపోతే రెండేళ్లలో మొత్తం వరస తారుమారవుతుంది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కేంద్రీయ విశ్వవిద్యాలయం రెండూ ఉన్నాయి కనుక, ఒకే సంస్థ నుంచి ఇద్దరికి మించకూడదన్న షరతు కూడా పెట్టుకోండి. లేకపోతే సంఘం కాస్తా ఒక డిపార్ట్‌మెంటు స్టాఫ్ మీటింగ్ అయిపోతుంది.

విదేశీ బైలాలను యథాతథంగా దించుకోవడం మాత్రం కుదరదు. ఇంగ్లిషు భాషాశాస్త్రానికే ఏర్పడిన అంతర్జాతీయ సంఘం ఐ.ఎస్.ఎల్.ఇ. తొలి సదస్సు 2008లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లోనూ, తర్వాతివి 2011లో బోస్టన్‌లోనూ, 2014లో జ్యూరిక్‌లోనూ జరిగాయి. సభ్యులు దేశదేశాల్లో ఉన్న సంఘానికి అలా రెండు మూడేళ్ల ఎడం సరిపోతుంది. ఇక్కడ రిజిస్టరైన సంఘం అలా కూర్చుంటే కుదరదు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, అది జరిగిన 15 రోజుల్లోగా కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. సదస్సు ఎప్పుడైనా పెట్టుకోండి, దాన్ని ఈ సమావేశానికి ముడిపెట్టకండి.

నన్ను కోశాధికారిగా ఎన్నుకున్నారు. శాశ్వత సభ్యత్వం ₹5,000, ఏడాది చందా ₹500 పెట్టారు. శాశ్వత సభ్యుల డబ్బుతో ఈసారి సదస్సు ఘనంగా చేద్దామంటున్నారు. సరేననమంటారా?
— రిటైర్డ్ ప్రిన్సిపాల్, కడప

అనకండి. లెక్క వేసి చూపించండి. 60 మంది శాశ్వత సభ్యులు చేరితే ₹3,00,000 వస్తుంది. వాళ్లే ఏటా చందా కట్టి ఉంటే సంఘానికి ఏడాదికి ₹30,000 వచ్చేది. ఆ మూడు లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, వడ్డీ 6.5 శాతం అనుకుంటే ఏడాదికి ₹19,500. అంటే డబ్బు ముట్టుకోకుండా ఉంచినా ఏటా ₹10,500 లోటే. వడ్డీతో చందా పూడాలంటే శాశ్వత సభ్యత్వం దాదాపు ₹7,700 ఉండాలి. ఇక ఆ అసలు సొమ్మునే సదస్సు భోజనాలకు ఖర్చుపెడితే, వచ్చే ఏడు నుంచి ఆ అరవై మందికి నోటీసులు, పత్రికలు పంపడానికి రూపాయి కూడా మిగలదు. సభ్యులు నిండుగా ఉంటారు, పెట్టె మాత్రం ఖాళీ. శాశ్వత సభ్యత్వ సొమ్ము మూలధనమనీ, వడ్డీ తప్ప అసలు తీయకూడదనీ బైలాల్లోకి ఎక్కించండి.

బ్యాంకు ఖాతాకు ముగ్గురి సంతకాలు ఇచ్చి, వారిలో ఏ ఇద్దరివి ఉన్నా చెల్లేలా పెట్టండి. ఇద్దరివే ఇస్తే ఒకరు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన ఆరు నెలలూ సంఘం ఆగిపోతుంది. చెక్కు పుస్తకం మీ దగ్గర, తీర్మానాల పుస్తకం కార్యదర్శి దగ్గర ఉండాలి. ముందుగానే సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఎవరి దగ్గరా ఉండకూడదు. మీ సొంత ఫోన్‌పే నంబరుకు చందాలు వేయించుకోవడం సులువుగానే ఉంటుంది కానీ, అవి ఆదాయపన్ను లెక్కల్లో మీ సొమ్ముగా కనబడతాయి. సంఘం పేరుతో పాన్, ఖాతా వచ్చేదాకా వరస నంబర్ల రసీదు పుస్తకం మీదే తీసుకోండి, ఖాతా తెరవగానే మొత్తం జమ చేయండి. లెక్కలు ఏప్రిల్ నుంచి మార్చి వరకు. ఆడిటరుగా కార్యవర్గ సభ్యుడి బంధువు వద్దు.

పదవి దిగేటప్పుడు 15 రోజుల్లో ఖాతా పుస్తకాలు, రసీదు పుస్తకాల మిగులు, పాస్‌వర్డులు అప్పగించి ఇద్దరూ సంతకాలు చేసే పట్టిక ఒకటి ఇప్పుడే తయారు చేసుకోండి. బ్యాంకు సంతకాలు మార్చడానికి తీర్మానం నకలు, రిజిస్ట్రారు దగ్గర దాఖలైన కొత్త జాబితా అడుగుతుంది. జాబితా దాఖలు చేయని సంఘాలు చిక్కుకునేది సరిగ్గా ఇక్కడే.

మా సంఘంలో 120 మంది సభ్యులు. సర్వసభ్య సమావేశానికి 22 మంది వచ్చి కార్యవర్గాన్ని ఎన్నుకున్నారు. చెల్లుతుందా? అంతకు వారం ముందే ఒకరు 30 మందిని కొత్తగా చేర్పించారు.
— ప్రొద్దుటూరు పాఠకుడు

బైలాల్లో కోరం, అంటే సమావేశం చెల్లడానికి కనీసం రావలసిన సభ్యుల సంఖ్య, ఎంత అని ఉంటే అదే మాట. మూడో వంతు అని ఉంటే 40 మంది కావాలి, 22 చాలదు. పెద్ద అంకె పెడితే గౌరవంగా ఉంటుందనుకుంటారు గానీ, ఎన్నేళ్లయినా కోరం నిండదు. 120 మందికి ఐదో వంతు, అంటే 24, పెట్టుకోవడం మేలు. నిండకపోతే అరగంట వాయిదా వేసి, వచ్చినవారితోనే నోటీసులో ఉన్న అంశాల వరకు జరపవచ్చని రాసుకోవచ్చు. బైలాల సవరణకు మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వకండి. ఒకరి తరఫున ఇంకొకరు ఓటు వేయడం, ఆన్‌లైన్ ఓటు, రెండూ బైలాల్లో ఉంటేనే.

వారం ముందు చేరినవారి సంగతికి మందు ఒకటే. ఎన్నికకు 60 రోజుల ముందు ఓటర్ల జాబితా మూసేయాలి, చందా బాకీ లేనివారి పేర్లే అందులో ఉండాలి. ఎన్నికల అధికారి పోటీలో లేనివారై ఉండాలి. ఈ నియమాలు మీకిప్పుడు లేవు కాబట్టి జరిగినదాన్ని ప్రశ్నించాలంటే, 2001 నాటి రాష్ట్ర సొసైటీల చట్టం సెక్షన్ 23 కింద సభ్యుడెవరైనా ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తిత్వానికి) గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు. అంతదూరం పోకముందు మినిట్స్ పుస్తకం, హాజరు సంతకాలు, నోటీసు పంపిన తేదీ రుజువు, మూడింటి నకళ్లు అడిగి తీసుకోండి. నోటీసు అందరికీ వెళ్లలేదని తేలితే కోరం దాకా కూడా పోనక్కర్లేదు.

సంఘం పత్రికకు నేను సంపాదకుణ్ణి. అధ్యక్షుల వారు తమ వ్యాసాన్ని సమీక్షకు పంపకుండా వేయమంటున్నారు. ఎవరి మాట చెల్లాలి?
— ఆదోని

వ్యాసం విషయంలో మీ మాటే. డబ్బు, పేజీలు, ఏడాదికి ఎన్ని సంచికలు అన్నది కార్యవర్గం మాట. ఏ వ్యాసం వేయాలన్నది వారి పని కాదు. సంపాదకుడి గడువు మూడేళ్లనీ, ఇంకొక్కసారి పొడిగించవచ్చనీ, మధ్యలో తొలగించాలంటే కారణం రాసి మూడింట రెండొంతుల ఓటుతోనే అనీ పెట్టించండి. కార్యవర్గ సభ్యుల వ్యాసాలను కార్యవర్గంలో లేని సహసంపాదకుడికి అప్పగించి, రచయిత పేరు తీసేసి ఇద్దరు సమీక్షకులకు పంపండి. అధ్యక్షుల వారికి చెప్పడానికి ఇది మర్యాదైన దారి కూడా. 'నేను చూడటం లేదండీ, వారు చూస్తున్నారు' అనవచ్చు.

పనిలో పని, పత్రికను గుర్తించడానికి ఇచ్చే ఐ.ఎస్.ఎస్.ఎన్. నంబరుకు ఎవరికీ డబ్బు కట్టకండి. ఢిల్లీలోని జాతీయ కేంద్రం దాన్ని ఉచితంగా ఇస్తుంది. 2023 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం విద్యావిషయక జర్నళ్లను పీరియాడికల్ నిర్వచనం నుంచి మినహాయించింది కాబట్టి, వార్తలూ వాటి మీద వ్యాఖ్యలూ వేయనంతవరకు ఆ రిజిస్ట్రేషన్ జోలికి పోనవసరం లేదు.